దిండి దాటితే ఊళ్ళున్నాయి

లింగంపల్లి స్టేషన్ నుంచి నర్సాపురం, కాకినాడ వైపు రైళ్ళు బయలుదేరతాయి. మాదాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే గోదావరి జిల్లాలవాళ్ళు సంక్రాంతికి ఊరెళ్ళేది ఎక్కువగా వీటిమీదే. ఈమధ్య అక్కడ ఊరు లేనివాళ్ళు కూడా ఎక్కుతున్నారు. శుక్రవారం రాత్రి బయల్దేరి, రెండు రోజులు కోనసీమలో గడిపి, సోమవారం పొద్దున్నకల్లా ఆఫీసులో ఉంటున్నారు. వాళ్ళు అక్కడ చూస్తున్నదేమిటి, చూడాల్సిందేమిటి, వాళ్ళ రాకవల్ల ఆ ఊళ్ళకు మేలా కీడా అన్నది ఈ సంవాదం.

మాట్లాడేవాళ్ళు ఇద్దరు. మాస్టారు మలికిపురం ప్రాంతంలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు కొడుకు దగ్గర లింగంపల్లిలో ఉంటున్నారు. విజయ నల్లగండ్లలో పుట్టి పెరిగిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కంపెనీ పని మీద నెదర్లాండ్స్‌లో ఉన్నప్పుడు టెసెల్ అనే చిన్న దీవిని ఊరూరూ తిరిగి చూసింది. ఇద్దరూ ఒకే అపార్ట్‌మెంటులో ఉంటారు.

విజయ: సార్, మా టీమ్‌లో ఎవరు కోనసీమ వెళ్ళొచ్చినా చూపించే ఫొటోలు ఒక్కటే. దిండిలో హౌస్‌బోటు, కొబ్బరిచెట్ల మధ్య కాటేజీ, అరిటాకులో భోజనం. చించినాడ వంతెన దాటి దిండిలో దిగుతారు, మళ్ళీ అదే వంతెన మీద వెనక్కి వచ్చేస్తారు. అడుగుపెట్టింది ఒక దీవి మీద అని చాలామందికి తెలియదు. పడమర వసిష్ఠ, తూర్పున వైనతేయ, కింద సముద్రం. రాజోలు దీవి మొత్తం ఆ మూడింటి మధ్యే ఉంది కదా? దిండి దానికి గుమ్మం మాత్రమే. గుమ్మంలో నిలబడి ఇల్లు చూశామంటే ఎట్లా?

మాస్టారు: ఆ గుమ్మంలోనైనా నలుగురు నిలబడుతున్నారు, నాకు అదే సంతోషం. టూరిజం వాళ్ళు దిండిలో రిసార్టు కట్టారు, దానివల్ల పడవ నడిపేవాడికి, వంట చేసేవాడికి, కారు తోలేవాడికి పని దొరికింది. నన్నడిగితే అలాంటివి అంతర్వేదిలో ఒకటి, తూర్పుపాలెంలో ఒకటి, కరవాకలో ఒకటి రావాలి. బీచ్ రోడ్డు పడాలి. మా పిల్లలందరూ ఇక్కడ లింగంపల్లి, చందానగర్ హాస్టళ్ళలో ఇరుకు గదుల్లో సర్దుకుంటుంటే, మా ఊళ్ళు ఉన్నవి ఉన్నట్టే ఉండాలని కోరుకోవడానికి నాకు మనసొప్పదు.

విజయ: ఉన్నవి ఉన్నట్టు ఉండాలని నేననడం లేదు. అన్నీ దిండిలాగే కావద్దంటున్నా. టెసెల్‌లో నన్ను కట్టిపడేసింది అదే సార్. మొత్తం దీవిలో జనం పద్నాలుగు వేలు, ఊళ్ళు ఏడు. ఒక కొసనుంచి ఇంకో కొసకు పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. దె కోఖ్ అనే ఊళ్ళో అన్నీ హోటళ్ళు, ఐస్‌క్రీం బళ్ళు, ఇసుక తిన్నెలు దాటితే సముద్రం. అక్కణ్ణుంచి సైకిలు తొక్కుకుంటూ తూర్పుకు పోతే ఓస్టరెండ్ వస్తుంది. చర్చి చుట్టూ అల్లుకున్న పాత ఊరు, ఇళ్ళ రూపు మార్చకూడదని రక్షణలో పెట్టారు. ఆదివారం అక్కడ చప్పుడుండదు. అవుదెస్కిల్ట్‌లో చేపల పడవలు, వలలు, ఆ వాసన. కొక్స్‌డోర్ప్ దాటితే ఎర్ర లైట్‌హౌస్. ఒక ఊరు చూసి ఇంకో ఊరు చూసినట్టు అనుకోలేం. అందుకే జనం అక్కడ వారం ఉంటారు. దిండిలో ఒక్క రాత్రే ఉంటారు.

మాస్టారు: చూడ్డానికి వచ్చినవాళ్ళకి తేడా అందంగానే ఉంటుందమ్మా. అందులో పుట్టినవాళ్ళకి వేరుగా ఉంటుంది. సరే, నీ లెక్కలోనే మాట్లాడదాం. మా దీవిలో తేడాలు ఏం చూస్తావు? చెప్పు.

విజయ: అంతర్వేది తీసుకోండి. వసిష్ఠ సముద్రంలో కలిసే చోటు. లక్ష్మీనరసింహస్వామి గుడి, లైట్‌హౌస్, పక్కన పల్లిపాలెం. మాఘంలో కల్యాణం, భీష్మ ఏకాదశికి రథం. ఆ గుడి ఇప్పుడున్న రూపంలో నిలబడింది 1823లో. కట్టించింది రాజు కాదు, కొపనాతి కృష్ణమ్మ, ఓడల వ్యాపారం చేసినవాడు, అగ్నికులక్షత్రియుడు. సముద్రం మీద సంపాదించింది సముద్రం ఒడ్డునే గుడిగా పెట్టాడు. ఆ ఒక్క సంగతి తెలిస్తే అంతర్వేదిని దర్శనం క్యూలో నిలబడి వచ్చే ఊరిలా చూడం. గుడినీ, చేపల రేవునీ కలిపి చూస్తాం.

మాస్టారు: అది నిజం. మా వైపు రేవులకు పెద్ద చరిత్రే ఉంది. అవతలి ఒడ్డున నర్సాపురంలో పదిహేడో శతాబ్దంలో ఓడలు కట్టేవారు. తెల్లవాళ్ళు కూడా తమ ఓడలు బాగుచేయించుకోవడానికి అక్కడికే వచ్చేవారు. పాలకొల్లులో డచ్చివాళ్ళకి గిడ్డంగి ఉండేది. అక్కడ మన బట్టల వ్యాపారం చేశారు. 1824 ఒప్పందంతో దాన్ని ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పారు.

విజయ: ఆ డచ్చి ఓడలు బయల్దేరే ముందు ఆగింది ఎక్కడనుకున్నారు? టెసెల్ దగ్గరే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన తూర్పిండియా కంపెనీ ఓడలు గాలి అనుకూలించేదాకా ఆ దీవి చాటున లంగరు వేసేవి. అవుదెస్కిల్ట్ దగ్గర బావుల్లో నీళ్ళు పీపాల్లో నింపుకునేవి. ఇనుము కలిసిన నీళ్ళవి, నెలల తరబడి పాడవవని నమ్మకం. ఆ నీళ్ళమ్మిన డబ్బు దీవిలోని అనాథ పిల్లల ఆశ్రమానికి పోయేది. ఆ బావులు ఇప్పటికీ చూపిస్తారు. మచిలీపట్నానికీ పాలకొల్లుకీ వచ్చిన ఓడల్లో ఆ దీవి నీళ్ళు ఉండి ఉంటాయి.

మాస్టారు: చూశావా, దారిన పోయేవాడికి నీళ్ళమ్మి కూడా ఊరి అనాథల్ని పెంచారు. నేను అడుగుతున్నది అదే. వచ్చేవాళ్ళ డబ్బు ఊరికి ఎట్లా చేరుతుంది? నువ్వు చెప్పే ఊళ్ళ తేడాలు చూసి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతే పల్లిపాలెంలో ఒక్క వల కూడా కొత్తది రాదు. సఖినేటిపల్లిలో కొన్ని ఊళ్ళకి ఇవాళ్టికీ మంచినీళ్ళు టిన్నుల్లో కొనుక్కోవడమే. బోరు వేస్తే ఉప్పునీరు. అక్కడ రిసార్టు వస్తే పైపులైను వస్తుందని వాళ్ళ ఆశ. ఆ ఆశని నువ్వు కాదనకు.

విజయ: రిసార్టుకు పైపులైను వస్తుంది సార్. పక్కన పాలెంకి వస్తుందని ఏం నమ్మకం? కాంపౌండు గోడ లోపల ఈతకొలను, బయట టిన్నులు. ఇటువంటివి మనం చాలా చోట్ల చూశాం.

మాస్టారు: చూశాం. అయినా గోడ బయట ఉన్నవాడు గోడ ఉండాలనే అంటున్నాడు, లోపల పని దొరుకుతుందని. వాడి మాట కూడా వినాలి కదా? ఇంకో ఊరు చెప్పు.

విజయ: అప్పనపల్లి. వైనతేయ ఒడ్డున బాల బాలాజీ గుడి. మొల్లేటి రామస్వామి అనే కొబ్బరి వ్యాపారి మొదలుపెట్టిన గుడి అది. రాజుల కాలం నాటిది కాదు, మన కాలంలో ఒక వ్యాపారి భక్తితో పెరిగిన క్షేత్రం. అదే మండలంలో ఆదుర్రు. అక్కడ బౌద్ధ స్తూపం, పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ ఆగిందని ఊళ్ళో చెబుతారు. అప్పనపల్లిలో గంటలు, ప్రసాదం, జనం. ఆదుర్రులో ఇటుకల దిబ్బ, గడ్డి, ఎవరూ ఉండరు. రెండింటికీ దూరం ఎంతని? ఒకే పూటలో రెండూ చూసినవాడికి ఈ నేల మీద ఎన్ని రకాల నమ్మకాలు దాటిపోయాయో అర్థమవుతుంది.

మాస్టారు: ఆ చుట్టుపక్కలే పాశర్లపూడి ఉంది. అది చెప్పలేదేం? నగరం అనే ఊరుంది. తాటిపాక ఉంది. వాటిని నీ పటంలో పెట్టవా?

విజయ: పెట్టాలి.

మాస్టారు: అయితే విను. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావిలో గ్యాస్ ఎగదన్ని అంటుకుంది. అరవై అయిదు రోజులు మండింది. రాత్రి పడిందని మాకు తెలిసేది కాదు. ఎన్నో కిలోమీటర్ల దూరానికి ఆకాశం ఎర్రగా ఉండేది, నేల అదిరేది. దగ్గరి ఊళ్ళు ఖాళీ చేయించారు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. మరుసటి ఏడు నవంబరు 6న తుపాను. వెయ్యిమందికి పైగా పోయారు. తోటలకు తోటలు నేలకొరిగాయి. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పేలింది. ఇరవైమందికి పైగా నిద్రలోనో, నిద్ర లేస్తూనో కాలిపోయారు. తాటిపాకలో 2001 నుంచి చమురు శుద్ధి చేసే చిన్న కర్మాగారం నడుస్తోంది. ఇవన్నీ మా ఊళ్ళే. వచ్చే అతిథికి వీటిని కూడా చూపిస్తావా, లేక పచ్చగా ఉన్నంత మేరే చూపిస్తావా?

విజయ: చూపిస్తేనే న్యాయం. వాళ్ళు దిండిలో కూర్చుని కోనసీమ అంటే ప్రశాంతత అనుకుంటున్నారు. హైదరాబాద్ వంటింట్లో పొయ్యి వెలిగించే మనిషికి, ఈ దేశంలో గ్యాస్ ఎవరి పొలాల కిందనుంచి వస్తుందో తెలియాలి. ఇంకో మాట. టెసెల్‌కు వెళ్ళే ఫెర్రీల్లో 2016లో వచ్చిన పెద్దది సీఎన్‌జీతో కూడా నడుస్తుంది. గ్యాస్ పుట్టిన మీ దీవికి నర్సాపురం నుంచి నేరుగా వెళ్ళాలంటే రేవులో డీజిల్ పొగ మింగుతూ పంటు ఎక్కాలి.

మాస్టారు: పంటు సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. నర్సాపురానికీ సఖినేటిపల్లికీ మధ్య వసిష్ఠ దాటించేది ఆ పంటే. చెక్క పలకల మీద మోటారు సైకిళ్ళు ఒకదానికొకటి ఆనించి నిలబెడతారు. వాటి సందుల్లో పాల క్యాన్లు, చేపల బుట్టలు, కాలేజీ పిల్లలు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు. అటువైపు ఒడ్డు తగలగానే ఇంజను ఆపకుండానే బళ్ళు స్టార్టు చేస్తారు. వరదొస్తే బంద్. రేవును వేలం పాడతారు, పాడుకున్నవాళ్ళు పాట డబ్బు రాబట్టుకోవడానికి ఛార్జీ వసూలు చేస్తారు. దాటేవాడికి మాత్రం నది మీద ఏ హక్కూ లేదు. నువ్వు చెప్పే దీవిలో ఫెర్రీ ఎవరిది?

విజయ: దీవి జనానిది. నేను మీకు చెప్పాలనుకున్నదే అది. ఒకప్పుడు అక్కడా బయటి కంపెనీయే పడవ నడిపేది. ఛార్జీలు ఎక్కువ, సదుపాయం తక్కువ. 1907లో దీవిలో వైద్యం చేసే డాక్టర్ వాగేమేకర్ ముందు నిలబడి, జనం చేత చిన్న చిన్న వాటాలు కొనిపించి, సొంత స్టీమరు కంపెనీ పెట్టించాడు. ఇప్పటికీ ఆ కంపెనీయే నడుపుతోంది, వాటాలు ఎక్కువగా దీవి కుటుంబాల దగ్గరే ఉన్నాయి. పర్యాటకుడు ఇరవై నిమిషాల ప్రయాణానికి టికెట్ కొంటే ఆ డబ్బు దీవి కంపెనీకే చేరుతుంది. దీవి వాళ్ళకు ఛార్జీ తక్కువ.

మాస్టారు: ఇది నచ్చింది. ఇది ముందే చెప్పుంటే ఇంత వాదన ఉండేది కాదు. కానీ అమ్మా, ఆ డాక్టరుకు వాటా కొనే జనం దొరికారు. మా దగ్గర వాటా కొనే చేతులు గల్ఫ్‌లో ఉన్నాయి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాల నుంచి ఎంతమంది ఆడవాళ్ళు మస్కట్‌లో, కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేస్తున్నారో తెలుసా? రంగు వేసిన డాబాలు చూసి సంపన్నమైన ఊరనుకుంటారు. ఆ డాబా కట్టిన తల్లి పదేళ్ళుగా అక్కడ ఉంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరిగారు. మా ఊళ్ళల్లో పని ఉంటే ఆవిడ వెళ్ళేదా? నువ్వేమో ఊరి తేడా నిలవాలంటావు. ఊళ్ళో మనిషి నిలవనిదే తేడా ఎట్లా నిలుస్తుంది?

విజయ: మీరు నా మాటే చెబుతున్నారు సార్. టెసెల్‌లో ఊళ్ళు వేరువేరుగా ఉండటానికి కారణం వాటి వాటి పనులు ఇంకా ఉండటమే. అవుదెస్కిల్ట్‌లో చేపల పని పోయి హోటళ్ళే మిగిలితే అది రెండో దె కోఖ్ అవుతుంది, అంతే. వాళ్ళు దీవి మొత్తానికి పర్యాటకుల పడకలు సుమారు 45 వేలకు మించకూడదని కట్టుదిట్టం చేసుకున్నారు. ఎక్కువైతే గొర్రెలు మేసే పొలాలు కూడా కాటేజీలవుతాయని వాళ్ళ భయం. మీ దగ్గర పని పోతోంది. పని పోయిన చోట ఒక్క రిసార్టును పిలిస్తే, ఊరి మీద మిగిలేది ఆ రిసార్టు పేరే.

మాస్టారు: పద్నాలుగు వేలమందికి 45 వేల పడకలా! అది పరిమితా? మేం మొత్తం నియోజకవర్గంలో ఐదొందలు పెట్టుకుంటే పండగ చేసుకుంటాం. డబ్బు చేసుకున్నాక పరిమితి పెట్టుకోవడం తేలికమ్మా. మాకు ముందే పెట్టమంటున్నావు.

విజయ: ముందే పెట్టాలి. తర్వాత పెట్టలేరు. ఎందుకంటున్నానో లింగంపల్లి చూసి చెబుతున్నా. నా చిన్నప్పుడు లింగంపల్లి అంటే పక్కనే బీహెచ్ఈఎల్, షిఫ్టు మారితే సైకిళ్ళ బారు. నల్లగండ్ల అంటే చెరువు, చెరువు కింద పొలాలు. గోపన్‌పల్లి అంటే బండలు, ఆ బండల మధ్య మేకలు. మూడు ఊళ్ళూ పక్కపక్కనే, మూడు మూడు రకాలు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచారు. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసిపోయింది. ఇవాళ నల్లగండ్లలో దిగినా, కొల్లూరులో దిగినా, కోకాపేటలో దిగినా అదే గేటు, అదే క్లబ్‌హౌస్, అవే ముప్ఫై అంతస్తులు. బోనాల రోజు పోచమ్మ గుడి దగ్గర నిలబడితే తప్ప నేను పుట్టిన ఊరేదో నాకే తెలియదు. ఊళ్ళను అమ్మేటప్పుడు ఎవరూ పరిమితి గురించి మాట్లాడలేదు. మాట్లాడాలనిపించేసరికి కాపాడుకోవడానికి ఊళ్ళు లేవు.

మాస్టారు: అమ్ముకున్నవాళ్ళు సుఖపడ్డారు కదా? మా వైపు రైతు 2011లో వరి వేయనని పంట విరామం ప్రకటించాడు. పెట్టుబడి రాదు, మురుగు దిగదు, కూలీ దొరకదు. ఆ రైతు మీ నల్లగండ్ల రైతును చూసి ఏమనుకుంటాడు?

విజయ: ఆఖర్న అమ్మినవాళ్ళు సుఖపడ్డారు. మొదట అమ్మినవాళ్ళు తమ పొలంలో లేచిన టవరుకే వాచ్‌మన్‌గా వెళ్ళారు. భూమి లేకుండా చెరువు కింద కూలి చేసుకున్నవాళ్ళకు ఏమీ రాలేదు. భూమి ధర పెరగడం, ఊరు బాగుపడటం ఒకటి కాదు సార్.

మాస్టారు: మంచిది. ఇప్పుడు నేను అసలు మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు తేడా తేడా అంటుంటే నాకు భయమేస్తుంది. మా దగ్గర తేడా అంటే ఊరు, పేట, పాలెం. తారు రోడ్డు ఊళ్ళోకి వచ్చిన ఎన్నో ఏళ్ళకి పేటలోకి వచ్చింది. కుళాయీ అంతే, వీధిదీపమూ అంతే. బళ్ళో నా దగ్గర చదివిన పిల్లలు ఏ వీధి నుంచి వస్తున్నారో వాళ్ళ చెప్పులు చూస్తే తెలిసేది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. ఇదీ మా తేడా. బయటినుంచి వచ్చిన నువ్వు దీన్ని ప్రతి ఊరిదీ ఒక ప్రత్యేకత అని బోర్డు రాసి పెడతావేమోనని నా భయం. రిసార్టులో పనికి కులం అడగరు. బస్సు ఎక్కితే కులం అడగరు. ఊళ్ళన్నీ ఒక్కలాగే అయిపోతే ఆ బాధ తగ్గుతుందని మా పిల్లల్లో ఎంతోమంది లింగంపల్లి రైలెక్కారు. ఇక్కడి అపార్ట్‌మెంట్లన్నీ ఒకేలా ఉన్నాయని నువ్వు బాధపడుతున్నావు. వాళ్ళకి అదే ఊపిరి.

విజయ: కోపం ఎందుకు సార్, ఈ మాట చెప్పకపోతే మన వాదనకు విలువ లేదు. మీరన్న తేడా పోవాలి, పూర్తిగా పోవాలి. ఇక్కడ రెండు రకాల తేడాలున్నాయి. నేల, నీరు, పని తెచ్చిన తేడా ఒకటి. అంతర్వేదిలో వల, అప్పనపల్లిలో కొబ్బరి, మలికిపురంలో అంగళ్ళు. రెండోది మనిషి మనిషికి పెట్టిన తేడా. కుళాయి ముందు ఎవరికి, రోడ్డు ముందు ఎవరికి అన్నది. నేను చూసిన దీవిలో ఓస్టరెండ్‌కూ దె కోఖ్‌కూ పోలిక లేదు. కానీ రెండు ఊళ్ళలో కుళాయి తిప్పితే ఒకటే నీళ్ళు. ఫోన్ చేస్తే ఏ ఊరికైనా చిన్న బస్సు వస్తుంది. సదుపాయంలో ఊళ్ళన్నీ ఒక్కటి, బతుకు తీరులో దేనికదే. మన దగ్గర దానికి సరిగ్గా తిరగబడి ఉంది. సదుపాయంలో వేరు చేసి, రూపంలో ఒక్కటి చేస్తున్నాం.

మాస్టారు: ఈ మాట ఒప్పుకుంటాను. సదుపాయం సమానం, పని వేరువేరు. ఇది మా పిల్లలకి చెప్పదగ్గ మాట. అయితే పనిలో కూడా ఒక మెలిక ఉందమ్మా. ఏ ఊళ్ళో పుడితే ఆ పనే చేయాలని ఉండకూడదు. చేపల పని నిలవాలి, పల్లిపాలెం పిల్లవాడు మాత్రం కావాలంటే ఇంజనీరు కావాలి. పని మీద ఇష్టంతో, పనికి డబ్బు వస్తుందని ఇంకో ఊరివాడు కూడా వచ్చి నేర్చుకునేట్టుండాలి.

విజయ: ఒప్పుకున్నా. దానికి దారి కూడా పనిలోనే ఉంది. మొన్న శివకోడు దగ్గర కొబ్బరి ఒలుపు చూశాను. నేలలో గునపం మొన పైకి పెట్టి పాతుతారు. కాయను దాని మీద గుచ్చి, అరచేత్తో ఒక పక్కకు తిప్పుతాడు, మళ్ళీ గుచ్చి ఇంకో పక్కకు. మూడో తిప్పుకి డొక్క మొత్తం విడిపోయి కాయ చేతిలోకి వస్తుంది. నేను లెక్కపెట్టడానికి ప్రయత్నించి వదిలేశాను, అంత వేగం. పక్కన కాయల రాశి, ఇంకో పక్క పీచు గుట్ట. నా స్నేహితురాలు కాసేపు అతని దగ్గర నేర్చుకోవడానికి కూర్చుని, అది ఎంత బలమూ నేర్పూ కావాల్సిన పనో తెలుసుకుంది. ఆ గంటకు అతనికి డబ్బిస్తామంటే, పని చూపించినందుకు డబ్బేమిటని ఇబ్బందిపడ్డాడు. ఇబ్బంది పడక్కర్లేని ఏర్పాటు కావాలి. కూలికి వెయ్యి కాయల లెక్క ఉన్నట్టే, నేర్పినదానికి కూడా ఒక లెక్క ఉండాలి.

మాస్టారు: బాగుంది. కానీ ఒలవడానికి కాయ ఉండాలి కదా. కేశనపల్లి వెళ్ళావా?

విజయ: వెళ్ళలేదు.

మాస్టారు: వెళ్ళాలి. శంకరగుప్తం డ్రెయిన్ పక్కన తోటలు చూడు. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరు కాల్వలో వెనక్కి ఎగదన్ని తోటల్లోకి వస్తుంది. మురుగు బయటికి పోవడానికి తవ్విన కాల్వ ఉప్పును లోపలికి తెస్తోంది. ముందు మట్టలు ఎండుతాయి, తర్వాత మొవ్వ పడిపోతుంది, మాను మాత్రం మొండిగా నిలబడి ఉంటుంది. ఎకరాలకు ఎకరాలు అట్లా మొండి మానులు. ఆ రైతుకి నీ ఏడు ఊళ్ళ కథ ఏం చెబుతావు?

విజయ: నీళ్ళ కథే చెబుతాను. టెసెల్‌లోనూ పొలాలు చాలాచోట్ల సముద్రమట్టానికి ఇంచుమించు సమానంగా, కొన్నిచోట్ల కిందకే ఉంటాయి. అక్కడ గట్లు, కాల్వలు, పంపులు చూసుకోవడానికి నీటి బోర్డులున్నాయి. వందల ఏళ్ళ పాత పద్ధతి. ఇప్పటికీ నాలుగేళ్ళకోసారి జనం ఓట్లేసి బోర్డును ఎన్నుకుంటారు, దానికి వేరే పన్ను కడతారు. ఉప్పునీరు ఎక్కడ ఎక్కినా ఎవరిని అడగాలో ప్రతి రైతుకూ తెలుసు. శంకరగుప్తం డ్రెయిన్‌కు ఎవరిని అడగాలి?

మాస్టారు: అందరినీ అడుగుతున్నాం. మాకు నీటి పని తెలియక కాదమ్మా. కాటన్ దొర 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించాడు. వైనతేయ మీద గన్నవరం అక్విడక్టు, 49 కమానుల మీద కాల్వను నది దాటించి మా దీవికి తీపినీరు తెచ్చింది. ఆ పాతదాని పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వచ్చినవాడికల్లా వేళకాని వేళ కూడా అన్నం పెట్టిన తల్లి, 1909లో పోయారు. అతిథి అంటే మాకు కొత్తేం కాదు. కానీ సీతమ్మ గారు అన్నం పెట్టింది తన గాదెలో గింజలుండబట్టి. ముందు కాల్వ బాగుచేసి, ఉప్పు ఆపి, కుళాయి ఇచ్చి, తర్వాత అతిథిని పిలవమంటాను.

విజయ: ఒకదాని తర్వాత ఒకటి అంటే రెండూ జరగవేమోనని నా భయం. ఇన్నేళ్ళూ ఎవరూ చూడకుండా ఉండబట్టే కదా ఆ చెట్లు ఎవరికీ తెలియకుండా ఎండిపోయాయి? చూసే కళ్ళు ఎక్కువైతే అడిగే నోళ్ళు ఎక్కువవుతాయి. అందుకే రిసార్టుకు బదులు ఊరూరా ఇళ్ళల్లో ఉండే ఏర్పాటు అడుగుతున్నా. నది గట్టు మీద కొత్త కట్టడాలు వద్దు. ఏ పంచాయతీలో ఎన్ని గదులో ముందే రాసుకోవాలి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఆవిడ డాబాలో పైగది ఖాళీగా ఉంది, అది అద్దెకిస్తే ఆవిడ మళ్ళీ విమానం ఎక్కక్కర్లేదు. పేటలో ఇల్లు, పాలెంలో ఇల్లు, ఊళ్ళో ఇల్లు, మూడూ ఒకే పట్టీలో, ఒకే ధరకు. పర్యాటకుడి దగ్గర తీసుకునే పన్ను దిండి దగ్గరే ఆగకుండా కేశనపల్లి కాల్వకూ చేరాలి.

మాస్టారు: ఒకే పట్టీలో, ఒకే ధరకు. అది జరిగితే, మాకు వందేళ్ళుగా రానిది వచ్చినట్టే. కానీ ఎన్ని గదులో రాసేది ఎవరు? విజయవాడలో ఆఫీసరు రాస్తే నేనొప్పుకోను. లింగంపల్లి నుంచి వచ్చిన నువ్వు రాసినా ఒప్పుకోను. గ్రామసభ రాయాలి. పేటవాళ్ళు, పాలెంవాళ్ళు లేకుండా జరిగిన సభ అయితే ఆ కాగితం చెల్లదు.

విజయ: గ్రామసభే రాయాలి. రేవు పాటలో కూడా ఊళ్ళకు వాటా అడగాలి. డాక్టర్ వాగేమేకర్ చేసింది మన రేవులో ఎందుకు చేయకూడదు? లింగంపల్లిలో ఉన్న రాజోలు వాళ్ళందరూ తలా ఒక చిన్న వాటా కొంటే ఒక మంచి పంటుకు డబ్బు రాదా?

మాస్టారు: సంక్రాంతికి ప్రభలకీ, పందేలకీ పంపే చందాలో సగం చాలు. ఆ మాట నేను మా వాళ్ళ సంఘంలో పెడతాను. నాకు ఇంకో షరతు ఉంది. నీ అతిథుల్ని తీసుకురా, కాదనను. కానీ కేశనపల్లి మీదుగా తీసుకురా. చచ్చిపోయిన చెట్లు చూపించకుండా బతికున్న చెట్ల కింద భోజనం పెట్టించకు.

విజయ: చూపిస్తాను. పాశర్లపూడి, నగరం కూడా చూపిస్తాను. చూశాక ఆ కాల్వకు ఎంత ఖర్చవుతుందో, అది ఎవరు పెట్టాలో వాళ్ళచేతే కాగితం మీద అడిగిస్తాను. అడగనివాళ్ళకు దిండి ఎప్పుడూ ఉంది.